"ఆడవాళ్లంతా ఒక్కటే" అని ఫార్వర్డ్ చేసేవాళ్లకు

మళ్లీ వచ్చింది. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, కాలేజీ స్టాఫ్ గ్రూపులో, చివరికి కార్తీక వనభోజనాల కోసం పెట్టుకున్న గ్రూపులో కూడా (భోజనాలైపోయి నెలలు గడిచినా ఆ గ్రూపు ఎవరూ మూసెయ్యరు, ఇలాంటివి పడెయ్యడానికి పనికొస్తోంది). "స్త్రీవాదాన్ని ముక్కలు చేస్తున్న విదేశీ కుట్ర" అని పెద్ద హెడ్డింగు, పక్కన మంటల బొమ్మలు, చివర "నిజమైన తెలుగు ఆడపడుచులైతే పదిమందికి పంపండి". ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు వదిలేశాను. నిన్న మా వదిన కూడా పంపి, కింద "ఎంత బాగా రాశారో కదా" అని పెట్టేసరికి ఇక నా వల్ల కాలేదు.

చదవని అదృష్టవంతుల కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెప్తాను. ఇంటర్‌సెక్షనల్ ఫెమినిజం (ఆడవాళ్లందరి బాధా ఒక్కటి కాదు, కులం, జాతి, తెగ లాంటివి కూడా కలిసి నొక్కుతాయి అనే స్త్రీవాదం) అమెరికా సరుకు, అక్కడి నల్లజాతివాళ్ల గొడవ, మనకు జాతి వివక్షే లేదు. వీరేశలింగం పంతులుగారు కులం చూడకుండా స్త్రీలందరి కోసం పనిచేశారు. గిరిజన స్త్రీలు మనకంటే స్వేచ్ఛగా ఉంటారు, వాళ్లకి ఫెమినిజం ఎందుకు. ఎన్టీఆర్ 1985లోనే ఆడపిల్లలందరికీ ఆస్తి హక్కు ఇచ్చేశారు. అత్యాచారానికి కులం లేదు, కులం తెచ్చేది నష్టపరిహారం కోసం. ఇవన్నీ ఏసీ హాళ్లలో కూర్చుని పెళ్లికానివాళ్లూ విడాకులైనవాళ్లూ మాట్లాడుకునేవి. మనది స్త్రీని దేవతగా కొలిచే జాతి.

దేవత సంగతి వదిలేద్దాం. అమ్మవారికి పట్టుచీర పెట్టి వచ్చి, సాయంత్రం పెళ్లిచూపుల్లో ఎకరాలు లెక్కపెట్టే ఊళ్లో ఉంటూ దాని మీద వాదించడం టైమ్ వేస్టు. పెళ్లి సంగతా? నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఇది రాశాక అచ్చుతప్పులు దిద్దింది మా ఆయనే. తర్వాతది.

అమెరికా సరుకు. పేరు అక్కడిదే, కాదనను. 1989లో కింబర్లే క్రెన్‌షా అనే నల్లజాతి న్యాయశాస్త్ర అధ్యాపకురాలు పెట్టింది. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో కూడా మెసేజ్ రాసినాయన చెప్పి ఉంటే బాగుండేది. జనరల్ మోటార్స్ మీద ఐదుగురు నల్లజాతి ఆడవాళ్లు కేసు వేశారు. 1964కి ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకే తీసుకోలేదు. 1970 తర్వాత తీసుకున్న నల్లజాతి స్త్రీలందర్నీ, ఉద్యోగాలు తగ్గించాల్సి వచ్చినప్పుడు, చివర చేరినవాళ్లు ముందు పోవాలి అనే లెక్కన ఇంటికి పంపేసింది. 1976లో కోర్టు ఏమందంటే, కంపెనీలో ఆడవాళ్లు ఉన్నారు కాబట్టి ఆడవాళ్ల మీద వివక్ష లేదు (ఉన్నవాళ్లు ఆఫీసు పనుల్లో తెల్లవాళ్లు). నల్లవాళ్ల మీద వివక్ష అంటారా, దానికి వేరే కేసు నడుస్తోంది, అందులో కలవండి (ఆ కేసేమో ఫ్యాక్టరీలో నల్లజాతి మగవాళ్ల సంగతి). రెండూ కలిపి ఒక కొత్త రకం ఫిర్యాదు తెస్తామంటే కుదరదు. అంటే ఆడవాళ్ల లెక్కలోనూ వాళ్లు లేరు, నల్లవాళ్ల లెక్కలోనూ లేరు. ఇది చదివాక మన మండలంలో ఎవరూ గుర్తు రాకపోతే నేను చెప్పగలిగేదేమీ లేదు.

పేరు లేకముందు సంగతి కూడా వినండి. 1855లో, అంటే కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన మూడేళ్లకి, పుణెలో ఫూలే దంపతుల బళ్లో చదువుకుంటున్న ముక్తా సాళ్వే అనే పద్నాలుగేళ్ల మాంగ్ (దళిత) కులపు పిల్ల ఒక వ్యాసం రాసింది, పత్రికలో అచ్చయింది. మా ఆడవాళ్లు నెత్తిన కప్పు లేక వానలో చలిలో బిడ్డల్ని కంటారు, ఆ బాధ ఎలాంటిదో మీ అనుభవం నుంచే ఆలోచించి చూడండి అని అందులో ఉంటుంది. ఆ పిల్లకి ఏ విదేశీ సంస్థ నిధులిచ్చిందో కాస్త కనుక్కుని చెప్పండి.

మనకు జాతి వివక్ష లేదన్నది ఇంకా సొగసైన మాట. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు నుంచి కువైట్‌కి ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద వెళ్లే ఆడవాళ్లు ఏ పేటల నుంచి వెళ్తారో ఈ మెసేజ్ పంపినవాళ్లందరికీ తెలుసు. ముప్పై ఏళ్లు నిండందే వెళ్లకూడదని మన ప్రభుత్వం రూలు పెడితే ఏజెంట్లు వయసు ఎలా పెంచుతారో కూడా తెలుసు. అలా వెళ్లి కొన్నేళ్లు చేసి వచ్చినావిడ ఒకామె మా వీధిలో పనికి వస్తుంది. ఒకే వంటింట్లో, ఒకే పనికి, ఫిలిప్పీన్స్ అమ్మాయికి ఒక జీతం, ఈమెకి అంతకంటే తక్కువ, ఆఫ్రికా అమ్మాయికి ఇంకా తక్కువట. బాబా, మామా (యజమానుల్ని అక్కడ అలాగే పిలుస్తారు) పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టేసుకున్నారట. "అక్కడ మా గ్లాసులు కూడా వేరేనండి" అని ఎదురింటి అరుగు మీద కూర్చుని చెప్తోంది. చెప్తున్నంతసేపూ ఆమె చేతిలో పేపరు కప్పు, మా అందరి చేతుల్లో స్టీలు గ్లాసులు. ఆ ఇంటావిడ చాలా మంచిది, కప్పుల ప్యాకెట్టు ప్రత్యేకంగా కొనిపెట్టింది మరి.

పంతులుగారి దగ్గరికి వద్దాం. 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించడానికి ఆయన పడ్డ పాట్లు తక్కువవి కావు, ఆ మాట అనుకోకుండా గోదావరి జిల్లాల్లో ఎవరం పుస్తకం పట్టుకోలేం. కానీ ఆ పోరాటం ఏ ఇళ్ల పిల్లల కోసం? చాలా కులాల్లో మారుమనువు అప్పటికే ఉంది. ఆ ఇళ్లలో ఆడవాళ్ల బాధలు వేరు, కూలి, వెట్టి, కామందు కన్ను. ఇక భోగం మేళాల మీద ఆయన విరుచుకుపడ్డారు కదా, మురమండ, బల్లిపాడు లాంటి ఊళ్లలో కళావంతుల ఇళ్లలో చదువూ సంగీతమూ వచ్చిన ఆడవాళ్లు ఉండేవారు, ఆస్తి ఆడపిల్లలకి వచ్చేది. దోపిడీ లేదని అనను, ఉంది. 1947లో చట్టం వచ్చి దేవదాసీ ఆచారాన్ని నిషేధించింది, మంచిదే. మేళం ఆగిపోతే ఆ ఇల్లు గడవడం ఎలాగని ఆ ఆడవాళ్లని అడిగినవాళ్లెందరు? ఆడవాళ్లందరి తరఫునా ఒకరు మాట్లాడితే అడగకుండా మిగిలిపోయేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు.

ఇక అత్యాచారానికి కులం లేదు అన్నది. మెసేజ్‌లో అందరికీ నచ్చిన వాక్యం ఇదే, స్టేటస్‌లు కూడా పెట్టారు. విషమంతా ఇందులోనే ఉంది, ఎందుకంటే మంచివాళ్లు కూడా తలాడించేస్తారు.

1992లో రాజస్థాన్‌లోని భటేరి అనే ఊళ్లో భంవరీ దేవి అనే కుమ్మరి కులపు స్త్రీ, ప్రభుత్వ పథకంలో కార్యకర్తగా, పై కులం ఇంట్లో పసిపిల్ల పెళ్లి ఆపడానికి వెళ్లింది. ఆ కక్షతో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు నిందితుల్ని వదిలేసింది. పై కులం మగవాళ్లు కింది కులం ఆడదాన్ని ముట్టుకుంటారా అన్న వాదన ఆ తీర్పులోకే ఎక్కింది. సరేనండీ, అత్యాచారానికి కులం లేదు, నిర్దోషి అనిపించుకోవడానికి మాత్రం ఉంది. ఆ కేసు చూసి కడుపు మండిన మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్తే 1997లో విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి, 2013లో చట్టమైంది. మా వదిన పనిచేసే బ్యాంకులో నోటీసు బోర్డు మీద అంతర్గత ఫిర్యాదుల కమిటీ అని ఒక కాగితం ఉంటుంది, అందులో మెంబరుగా వదిన పేరు కూడా ఉంది. ఆ కాగితం అక్కడికి రావడానికి మొదటి కారణం ఆ కుమ్మరావిడ.

ఇంకొకటి. 1972లో మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్లో మథుర అనే ఆదివాసీ పిల్ల మీద ఇద్దరు పోలీసులు చేసిన ఘోరం. ఒంటి మీద గాయాల్లేవు కాబట్టి ఇష్టపడే జరిగింది అని సుప్రీంకోర్టు వాళ్లని వదిలేసింది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాశారు, దేశమంతా ఆడవాళ్లు రోడ్డెక్కారు, 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగితే, బాధితురాలు నేను ఒప్పుకోలేదు అంటే కోర్టు ఆ మాటే నమ్మి మొదలుపెట్టాలి అన్నదీ, బాధితురాలి పేరు బయట పెట్టకూడదన్నదీ అప్పుడొచ్చినవే. ఈ రోజు ఏ కులం ఇంటి పిల్లకి ఆపద వచ్చినా ఆ పేరు పేపర్లో రాకుండా కాపాడేది అదే నిబంధన. విడగొడుతున్నారు విడగొడుతున్నారు అంటారే, వాళ్ల దెబ్బల మీద వచ్చిన చట్టాలు అందరం కలిసి వాడుకుంటున్నాం, అప్పుడు లేని అభ్యంతరం వాళ్లు నోరు తెరిస్తే ఎందుకు?

నష్టపరిహారం కోసమట. విశాఖ ఏజెన్సీలో వాకపల్లి అని ఒక ఊరు. 2007 ఆగస్టులో కూంబింగ్‌కి వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆడవాళ్లు చెప్పారు. కేసు విచారణకి రావడానికే ఏళ్లు పట్టింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు పోలీసులందర్నీ నిర్దోషులంది, దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని కూడా తనే అంది, ఆ ఆడవాళ్లకి పరిహారం ఇవ్వమంది. పదిహేనేళ్లకి పైగా కొండ దిగీ ఎక్కీ తిరిగితే వచ్చింది అది. డబ్బు కోసం ఇంతకంటే తేలిక దారి ఏదీ దొరకలేదా వాళ్లకి?

అమెరికా సరుకు అన్నదానికి మిగిలిన సగం జవాబు కూడా ఇక్కడే ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లోనే 2011లో, పుట్టుకతో చూపు లేని ఒక ఎస్సీ యువతి మీద జరిగిన అత్యాచారం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పులో ఆడది కావడం, దళితురాలు కావడం, చూపు లేకపోవడం మూడూ కలిసి ఒక మనిషిని ఎలా నొక్కుతాయో, ఈ మెసేజ్ తిట్టిపోసిన అదే మాట వాడి, కోర్టు వివరంగా రాసింది. యావజ్జీవం ఖాయం చేసింది. అయితే అట్రాసిటీ సెక్షన్ మాత్రం కొట్టేసింది, ఎందుకంటే ఆమె ఎస్సీ కాబట్టే ఈ నేరం జరిగింది అని అప్పటి చట్టం ప్రకారం రుజువు చెయ్యాలి, చెయ్యలేకపోయారు. ఆ మెలిక చట్టంలో మారింది 2016లో, కులం తెలిసి చేశాడంటే చాలని. అంటే కులం వల్లే అని ఎలా చెప్తారు అనే మీ ప్రశ్న కొత్తదేం కాదు, కోర్టుల్లో చాలాకాలం గెలిచిన ప్రశ్నే అది.

గిరిజన స్త్రీల స్వేచ్ఛ, ఆస్తి హక్కు, ఈ రెండూ కలిపే చెప్తాను. ఎన్టీఆర్ తెచ్చిన సవరణ గొప్పదే, దేశం మొత్తానికి అది వచ్చింది 2005లో. కానీ హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదని అందులోనే రెండో సెక్షన్లో ఉంది. చింతూరులో కోయ ఆడపిల్లకి 1985 మామూలు సంవత్సరం. ఇది మార్చే సంగతి ఆలోచించండని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టే కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. పోనీ మైదానం చట్టం తీసుకెళ్లి నెత్తిన పెట్టేస్తే సరిపోతుందా అంటే అదీ అంత తేలిక కాదు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని వన్ ఆఫ్ సెవెంటీ ఉంది కదా, దాన్ని దాటడానికి మనవాళ్లు కనిపెట్టిన దారి ఏమిటి? ఒక గిరిజన స్త్రీని "పెళ్లి" చేసుకుని భూమి ఆమె పేరున రాయించడం. కాబట్టి ఏ మార్పు చేసినా ముందు వాళ్లని అడిగి చెయ్యాలి. అడిగితే ముక్కలు చేస్తున్నట్టట!

కెనడాలో ఇదే ఇంకో రకంగా నడిచింది. 1876 నాటి ఇండియన్ యాక్ట్ ప్రకారం మూలవాసి స్త్రీ బయటివాణ్ని పెళ్లాడితే తెగ హోదా పోయేది, తెగ నేల మీద ఉండే హక్కూ పోయేది. అదే మూలవాసి మగవాడు తెల్లావిణ్ని చేసుకుంటే ఆవిడకి హోదా వచ్చేది. 1979లో టోబిక్ తెగ ఆడవాళ్లు ఒట్టావాకి వంద మైళ్లు నడిచారు. వాళ్లలో సాండ్రా లవ్‌లేస్ ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లి 1981లో గెలిచింది, 1985లో చట్టం మారింది. పైగా వాళ్లని ఆపాలని చూసినవాళ్లలో సొంత తెగ మగ నాయకులూ ఉన్నారు.

స్వేచ్ఛ మాటకొస్తే, కొండ మీద చింతపండు, కుంకుళ్లు, చీపుళ్లు ఏరి సంతలో అమ్మితే వచ్చే డబ్బు ఆడమనిషి చేతిలో ఉండేది. ఆ స్వేచ్ఛ అడవిలో ఉంది. మన డెల్టా కాలువలకి భరోసా అంటున్న పోలవరం కింద ఊళ్లు ఖాళీ చేసినవాళ్లలో సగానికి పైగా గిరిజనులూ దళితులూ. కాలనీలో సిమెంటు ఇల్లు ఇచ్చారు, అడవి ఇవ్వలేదు. రెండో పంటకి నీళ్లు తాగే మనం వాళ్ల స్వేచ్ఛ గురించి మెసేజ్‌లు పంపుకుంటున్నాం.

ఏసీ హాళ్ల మాట మాత్రం ఒప్పుకుంటాను, పూర్తిగా. ఈ విషయం మీద మన దగ్గర జరిగే సెమినార్లలో సగం ఎవరికీ అర్థం కాని తెలుగులో ఉంటాయి, కోయ స్త్రీల గురించి కాకినాడ మేడమ్ మాట్లాడతారు, కువైట్ ఖద్దామాల గురించి హైదరాబాద్ మేడమ్ మాట్లాడతారు, భోజనాల దగ్గర ప్లేట్లు కడిగేది పేట ఆడవాళ్లే. మహిళా దినోత్సవానికి ఏజెన్సీ నుంచి వ్యాన్లో ఆడవాళ్లని తీసుకొస్తారు, ముఖ్య అతిథి ముందు కొమ్ము డాన్సు చేయించడానికి. ఈసారి మా కాలేజీలో పెట్టే సభకి వాళ్లని మాట్లాడటానికి పిలుద్దామని అడిగాను. "డాన్సు ఉంటుంది కదండీ" అన్నారు.