సవరణ: ఇంటింటి ప్రచారం నోట్సు, 2018 తీర్పు

ఇంటింటికీ తిరిగే మతప్రచారకులు తాము కలిసినవాళ్ల గురించి రాసుకునే నోట్సు సొంత వ్యవహారం, వాళ్ల మతసంఘానికి బాధ్యత లేదు అన్న ముందటి పోస్టు వాక్యాన్ని తీసేశాం. ఫిన్లండ్ యెహోవాసాక్షుల కేసులో 2018 జూలై 10న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది సరిగ్గా దీనికి ఎదురు. ముక్కూమొహం తెలియనివాళ్ల పేరు, చిరునామా, మతవిశ్వాసం రాసుకోవడం వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాలకిచ్చే మినహాయింపు కిందికి రాదు. కాగితాలే అయినా, మళ్లీ సులువుగా వెతికి తీసేలా ప్రాంతాలవారీగా పెట్టుకుంటే ఆ చట్టం వర్తిస్తుంది. నోట్సును సంఘం కంటితో చూడకపోయినా, ప్రచారాన్ని ఏర్పాటుచేసి ప్రోత్సహించింది కాబట్టి ప్రచారకులతోపాటు దానికీ బాధ్యత ఉంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే.

ఇంకొకటి: ఆ తీర్పు వ్యక్తిగత వివరాల రక్షణపై 1995 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం కింద వచ్చింది, దాని స్థానంలో వచ్చిన జీడీపీఆర్ చట్టం కింద కాదు. జీడీపీఆర్ తొమ్మిదో అధికరణం మతవిశ్వాసం లాంటి సున్నితమైన వివరాల విషయంలో మతసంస్థలకిచ్చిన వెసులుబాటు సభ్యులు, మాజీ సభ్యులు, సంస్థతో క్రమంగా సంబంధం ఉన్నవాళ్ల వివరాలకే; వాటినైనా వాళ్ల సమ్మతి లేకుండా బయటికివ్వకూడదు.