అభ్యంతరంతో వాపసు

34 ఏళ్లు జనం దరఖాస్తుల మీద 'అభ్యంతరంతో వాపసు' అని రాసి రిటైరైన చెయ్యి ఇది. అటువంటి చేత్తో నేను పెట్టుకున్న దరఖాస్తు మొన్న ఎండాకాలంలో మూడుసార్లు వాపసు వచ్చింది. తిప్పి పంపిన అధికారి పాలమూరులో ఇంటర్ ఫస్టియర్ చదివే ఒక ఆడపిల్ల. చూపిన కారణం: 'శక్తికి తగిన బలహీనత లేదు.'

వ్యవహారం చిన్నది కాదు కనుక మొదటి నుంచి మనవి చేసుకుంటాను.

సెలవులకని మా మనవడు నల్లగొండ వచ్చాడు. తెల్లారి లేస్తే ఫోనే. ఆట అనుకుని తిట్టబోయి తొంగి చూస్తే, పేరాలకు పేరాలు రాస్తున్నాడు. పోకెమాన్ లోకంలో తలా ఒక వేషం కట్టుకుని, వింత జంతువులను పట్టి పెంచి, వాటితో కొట్లాటలు పెట్టుకుంటారట. మీటలు నొక్కేది ఉండదు, వాక్యాలే. నువ్వొక పేరా, నేనొక పేరా. రోల్‌ప్లే అంటారు. మా ఊళ్లో దీన్నే భాగోతం అనేవాళ్లం. కాకపోతే భాగోతంలో కీచకుడి వేషగాడు తెల్లారుజామున 'నేనైతే చావను' అని మొండికేస్తే ఊరు ఊరుకునేది కాదు. ఇక్కడ చావనని మొండికేసేవాళ్లే ఎక్కువ. అందుకే నియమావళి పుట్టింది.

ఈ లోకాన్ని కట్టిన సతోషి తజిరి అనే జపాను ఆయన చిన్నప్పుడు పురుగులు పట్టుకుంటూ తిరిగినవాడు. ఆ సరదాతోనే 1996లో 151 జీవులతో మొదటి ఆట తెచ్చాడు. పురుగులు మేము పట్టలేదా? జీరంగిని అగ్గిపెట్టెలో పెట్టి, తుమ్మాకు మేపి, మెడకు దారం కట్టి ఎగరేశాం. నా జీరంగి నీ జీరంగి అని తన్నుకున్నాం సుత. దాంతో కంపెనీ పెట్టొచ్చని మాలో ఒక్కడికీ తట్టలేదు. తట్టినా బ్యాంకువాళ్లు లోను ఇచ్చేవాళ్లు కాదు, అది వేరే సంగతి.

మొదట్లో ఈ జీవులకు దెబ్బలు మాత్రమే ఉండేవి, మనిషికి నాలుగు తిట్లన్నట్టు ఒక్కోదానికి నాలుగు. 2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటల నుంచి 'ఎబిలిటీ' అని ఒకటి చేర్చారు. ఇది వాడితే పనిచేసేది కాదు, పుట్టుగుణం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్న మాటకు జపాను వాళ్లు రాసుకున్న చట్టం అనుకోండి. జీవులకూ దెబ్బలకూ నిప్పు, నీరు, నేల అని జాతులుంటాయి. 'లెవిటేట్' అనే గుణం ఉన్న జీవికి నేల జాతి దెబ్బ తగలదు, అది గాల్లోనే ఉంటుంది. మా వీధి సీసీ రోడ్డు కూడా అంతే. కాగితాల మీద రెండుసార్లు పడింది, నేలను మాత్రం ఇంతవరకు తాకలేదు. 'వండర్ గార్డ్' ఇంకా విచిత్రం. దాని జాతికి సరిగ్గా విరుగుడైన దెబ్బ తప్ప మరే దెబ్బా అంటదు. కానీ ఆ గుణమున్న షెడింజాకు ప్రాణం ఒకే ఒక్క పాయింటు. విషం ఎక్కినా పోతుంది, ఇసుక గాలి వీచినా పోతుంది. అంత కవచం ఇచ్చినవాళ్లు ఇంత ప్రాణమే ఇచ్చారు చూడండి. ఆ లెక్క నాకు నచ్చింది.

నన్ను నిలువునా ఆపేసింది మాత్రం స్లేకింగ్. దీని మొత్తం బలం 670. సముద్రాలను పొంగించే కయోగర్‌దీ, భూములను లేపే గ్రౌడన్‌దీ అదే 670. అంటే దేవుళ్లతో సమానం. మరి దేవుడెందుకు కాలేదు? దాని గుణం 'ట్రూఅంట్', తెలుగులో పనిదొంగ. ఒక వంతు పనిచేస్తే మరుసటి వంతు కచ్చితంగా పడుకుంటుంది. ఒక పక్కకు ఒరిగి, చెయ్యి అందినంత మేర గడ్డి తింటుంది. చుట్టూ గడ్డి అయిపోయి నేల గుండ్రంగా బోడి అయితేనే లేచి ఇంకో చోట ఒరుగుతుంది. ఇది చదువుతుంటే నాకు మా సెక్షన్ కళ్లకు కట్టింది. ఏ ఆఫీసని అడగకండి. కుర్చీ చుట్టూ గుండ్రంగా బోడి అయిన సెక్షన్లు నేను నాలుగు చూశాను.

పోలిక ఇంతటితో ఆగలేదు. ఈ జీవి మొదటి దశ స్లేకాత్, పనిదొంగే. 18వ లెవెల్లో విగరోత్ అవుతుంది. అప్పుడు దానికి నిద్రే పట్టదు, కాలు నిలవదు, ఊరికే ఉరుకుతుంటుంది. 36వ లెవెల్లో స్లేకింగ్ కాగానే మళ్లీ ఒరుగుతుంది. ఈ మధ్య దశను మేము ప్రొబేషన్ అనేవాళ్లం.

'నేను సుత చేరుతరా' అన్నాను.

'ఫారం నింపాలె తాతా. మనిషి పాత్రకు సుత ఒక ఎబిలిటీ ఇస్తరు. కానీ రూల్స్ స్ట్రిక్ట్ ఉంటయ్.'

రూల్స్ ఎవరికి చెబుతున్నాడు! మొదటిసారి ఇట్లా రాశాను: సకల జంతువుల భాష తెలుసు, ఎదుటివాడి మనసు చదవగలడు, ఓటమి ఎరుగడు. పది నిమిషాల్లో మోడరేటర్ జవాబు, అంటే ఆట నియమాలకు కాపలా కాసే ఆ పాలమూరు పిల్లది. పది నిమిషాలు! నా సర్వీసులో పది నిమిషాల్లో ఫైలు కట్ట దారం సుత విప్పలేదు. 'బ్రో, ఇది గాడ్‌మోడింగ్. మనిషికి ఒక్కటే ఎబిలిటీ. దానికి ఒక హద్దు, ఒక బలహీనత ఉండాలె.' షష్టిపూర్తి చేసుకున్నవాణ్ని బ్రో అన్నందుకు బాధ లేదు. దేవుణ్ని కాబోయానని పట్టేసినందుకే కొంచెం చివుక్కుమంది.

రెండోసారి తగ్గాను. నా పాత్ర నీడను ఒక్క చోట నిలపగలదు, ఆ నీడలో చేరిన జీవికి దెబ్బ తగలదు. బలహీనత గడిలో 'అతి మంచితనం, నమ్మినవాళ్ల కోసం ప్రాణమిస్తాడు' అని రాశాను. జవాబు: 'బ్రో, ఇది బలహీనత కాదు, పెళ్లి బయోడేటా. అట్లనే సూర్యుడు జరిగితే నీడ ఎట్ల జరగకుంట ఉంటది?'

ఇక్కడ నాకు పౌరుషం వచ్చింది. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా గర్భగుడిలో ఒకే చోట నీడ నిలబడి ఉంటుందని, సూర్యుడు ఎటు జరిగినా అది జరగదని, చరిత్ర తెలియని పిల్లలు మోడరేటర్లు కావడం దురదృష్టకరమని ఒకటిన్నర పేజీ అప్పీలు పెట్టాను. ఒక్క వాక్యం వచ్చింది: 'గుడికి స్తంభాలున్నయ్ బ్రో. నీకేమున్నయ్?'

ఇంత సూటి అభ్యంతరం నేను నా సర్వీసులో ఒక్కటీ రాయలేదు.

మూడోసారి 'వేళకు అన్నం పెట్టకపోతే కోపం వస్తుంది' అని రాసి వాపసు తెచ్చుకున్నాను. పై గడిలో అంత శక్తి, కింది గడిలో ఇంత చిరాకు, తూకం కుదరలేదట. మా ఇంటామె అప్పుడే చాయ్ తెచ్చి, ఫారం మీదికి ఒంగి చూసి, 'ఉన్నది రాయరాదయ్యా, మోకాళ్లు రాయి' అన్నది.

రాశాను. నేను మర్రిగూడ దిక్కు పుట్టినవాణ్ని. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మా బాయి నీళ్లకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. ఆ నీళ్లను పటికతో, సున్నంతో తేర్చే పద్ధతిని పుస్తకాల్లో 'నల్లగొండ టెక్నిక్' అంటారు. జిల్లాకు పేరైతే వచ్చింది, మోకాళ్లు రాలేదు. నా పాత్ర నీడను నిలిపినంత సేపు నేల మీద గొంతుక్కూర్చోవాలి. ఐదు నిమిషాలు దాటితే ఒకరు చెయ్యి ఇస్తే తప్ప లేవలేడు. రెండు నిమిషాల్లో 'అప్రూవ్డ్' అని వచ్చింది. పక్కన ఒక దండం బొమ్మ.

ఇక నియమావళి మొత్తానికి గుండెకాయ లాంటి నిబంధన గురించి చెప్పాలి. కొట్లాటలో 'కొట్టాను' అని రాయొచ్చు, 'తగిలింది' అని రాయకూడదు. తగిలిందా, తప్పుకున్నాడా, తగిలినా దులుపుకున్నాడా, అది ఎదుటివాడు రాయాల్సిన పేరా. వాడి వంతు నువ్వు రాస్తే దాన్ని పవర్‌ప్లే అంటారు. రెండుసార్లు చేస్తే గెంటేస్తారు.

ఈ ఒక్క నిబంధన మా జిల్లాలో అమలైతే ఏమవుతుందో ఆలోచించండి. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగే ఆయన, బోరు బండి ఊళ్లోకి రాకముందే 'రెండించుల నీళ్లు పడ్డయ్ పో' అంటాడు. పడ్డాయో లేదో భూమి రాయాల్సిన పేరా. పెళ్లిళ్ల పేరయ్య 'పిల్ల ఒప్పుకున్నది' అంటాడు. పిల్ల అప్పటికి పరీక్ష హాల్లో ఉంటుంది. పక్క చేను ఆసామి ఏటా దున్నేటప్పుడు జానెడు గట్టు మనవైపు జరిపి 'మీ నాయన ఉన్నప్పుడు ఒప్పుకున్నదే' అంటాడు. చనిపోయినవాడి వంతు సుత వీడే రాస్తున్నాడు!

నేనూ రాశాను. కిటికీ అవతల టవల్ భుజాన వేసుకుని మనిషి నిలబడే ఉన్నాడు. భోజనం వేళయింది. నోటు ఫైల్లో 'దరఖాస్తుదారు హాజరు కాలేదు' అని రాసి కిటికీ మూశాను. ఎన్నిసార్లని అడిగితే లెక్క రాసి పెట్టుకోలేదు.

మెటాగేమింగ్ అని ఇంకొక నేరం ఉంది. ఆటగాడిగా నీకు తెలిసినా, నీ పాత్రకు తెలియని సంగతి వాడకూడదు. దీన్ని క్లాక్ టవర్ కాడి చాయ్ హోటల్లో వివరించడానికి ప్రయత్నించాను. 'తెలిసినంక తెలవదని ఎట్లుంటరు సార్?' అన్నాడు హోటలాయన. నేను బయటికి రాకముందే నా మనవడి మార్కులు పక్క బల్లకు తెలిసిపోయాయి.

నియమావళి మచ్చలేనిదని అనను. లెజెండరీ జీవి, అంటే ఇందాకటి దేవుళ్ల కోవది, కావాలంటే ఆరు నెలల సర్వీసు, ఇద్దరు మోడరేటర్ల సిఫారసు ఉండాలి. చేరి నెల కూడా కాని ఒక పిలగాడి దగ్గర రేక్వాజా అనే లెజెండరీ ప్రత్యక్షమైంది. ఆరా తీస్తే మోడరేటర్లలో ఒకరికి మేనత్త కొడుకు. అందరూ గగ్గోలు పెట్టారు. నాకు మాత్రం మొదటిసారి సొంత ఆఫీసుకు వచ్చినట్టు అనిపించింది.

కొత్తవాణ్ని కాబట్టి నాకు స్లేకాత్‌నే ఇచ్చారు. మొదటి కొట్లాట కరీంనగర్ పిలగాడితో. వాడిదీ కొత్త చేరికే, మ్యాజికార్ప్ అనే చేప. ఎగిరెగిరి పడటం తప్ప దానికేమీ రాదు. ఆ ఎగరడం వల్ల ఎవరికీ ఏమీ కాదు. 20వ లెవెల్లో భయంకరమైన గ్యారడోస్ అవుతుందట, అప్పటిదాకా నవ్వులపాలే.

రాత్రి తొమ్మిదిన్నరకు మొదలైంది. మొదటి వంతులో నా స్లేకాత్ ఆవలించింది. అదొక దెబ్బే. తగిలితే ఎదుటి జీవి మరుసటి వంతు చివర నిద్రపోవాలి. 'చేప వైపు చూసి, నింపాదిగా, దవడ నొప్పి పుట్టేదాకా ఆవలించాడు' అని రాసి ఆగాను. తగిలిందని రాయలేదు. చేప ఎగిరి పడింది. రెండో వంతులో నావాడు గుణం ప్రకారం ఒరిగి వీపు గోక్కున్నాడు. ఇక ఆ పిలగాడు రాయాలి.

పది అయింది. పదకొండు. మనవడు దోమతెరలోంచి తల బయటపెట్టి, 'తాతా, గాడే పండుకున్నట్టుండు' అన్నాడు.

వేళ్లు నా ప్రమేయం లేకుండానే కదులుతున్నాయి. 'ప్రత్యర్థి హాజరు కా' దాకా టైపు చేశాను. మనవడు ఫోన్ లాక్కున్నాడు.

'రెండు దినాలు ఆగాలె తాతా. రూలుంది.'