పదో రోజు

తిరుపతిలో గుండును ఎవరూ వింతగా చూడరు. బస్టాండులో పది మంది నిలబడి ఉంటే నాలుగైదు గుండ్లు కనిపిస్తాయి. కానీ ఒక మనిషి గుండుతో ఇంటి అరుగు మీద కూర్చుని, ఫోన్‌లో గట్టిగా "రేపే పదో రోజు, ఎట్లాగైనా ఈలోపల కానిచ్చేయాలి" అంటే మాత్రం వీధిలో కిటికీలు తెరుచుకుంటాయి. ఎదురింటి అత్త గేటు తీసుకుని వచ్చి, ముందుగా మా అమ్మ నొసటి వైపు చూసింది. బొట్టు ఉంది. లోపలినుంచి నాన్న దగ్గు వినపడింది. కాస్త కుదుటపడి, నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"ఎవురు నాయనా?"

"ఏఆర్-11 అత్తా."

"అయ్యో పాపం," అంది.

సంగతేమిటంటే, అమెరికాలో ఉండే విదేశీయులు ఇల్లు మారితే పది రోజుల్లోపల అక్కడి ఇమిగ్రేషన్ వాళ్ళకు కొత్త అడ్రస్ చెప్పాలి. దౌత్యవేత్తల్లాంటి కొందరికి తప్ప ఎవరికీ మినహాయింపు లేదు. ఆ ఫారం పేరే ఏఆర్-11. రూపాయి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఫీజు లేదు కాబట్టే మర్చిపోతామని నా అనుమానం. వంద డాలర్లు కట్టమని ఉంటే ఇల్లు మారకముందునుంచే నిద్ర పట్టేది కాదు. చెప్పకపోతే మాత్రం జరిమానా, 30 రోజుల దాకా జైలు అని చట్టంలో రాసి పెట్టారు.

నేను డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, ఫ్రిస్కోలో దిగింది ఒక శనివారం. అట్టపెట్టెలు విప్పకుండానే సోమవారం విమానం ఎక్కేశాం. పిల్లాడికి పదకొండో నెల, పుట్టువెంట్రుకల మొక్కు. వాడితో పాటు నేనూ ఇచ్చుకుంటానని అమ్మ నా తరఫున ఎప్పుడో మొక్కేసిందట. నాకు తిరుమలలో తెలిసింది.

కల్యాణకట్టలో నా తల సరిగ్గా సగం అయినప్పుడు ఫోన్ మోగింది. డల్లాస్ మిత్రుడు. "కొత్తింట్లో అంతా సెట్ అయిందా? ఏఆర్-11 వేసేశావు గదా?" అన్నాడు. గుండె జారింది. లేచి పరుగెత్తాలనిపించింది గానీ, సగం గుండుతో ఎక్కడికని పోతాం? మిగతా సగం అయ్యేసరికి క్యూలోకి పోయే టైమైంది, ఫోన్ కౌంటర్‌లో ఇచ్చేయాలి. కంపార్ట్‌మెంట్‌లో అందరూ "గోవిందా" అంటుంటే నేను వేళ్ళు మడిచి శనివారం నుంచి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. తొమ్మిదో రోజు. స్వామి ముందు నిలబడనిచ్చిన ఆ రెండు క్షణాల్లో ఏం కోరుకున్నావని అమ్మ ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. గడువు ఒక్క రోజు పెంచమని అడిగానని ఎట్లా చెప్పను?

కొర్లగుంటలో మా ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. ఎదురింటి అత్తను సాగనంపి, విషయం నాన్నకు చెప్పాను. మా నాన్న రిటైరైన పోస్ట్‌మ్యాన్. అడ్రస్ అనే మాట వినగానే ఆయన వెన్ను నిటారుగా అయింది.

"దీనికి ఇంత టెన్షన్ ఎందుకురా? పోస్టాఫీసులో రీడైరెక్షన్ రాసిచ్చి రాకపోయినావా?"

అక్కడి పోస్టాఫీసులో రాసిచ్చినా ఇమిగ్రేషన్ ఉత్తరాలు కొత్తింటికి వస్తాయన్న గ్యారంటీ లేదని, వాళ్ళకు వేరుగా చెప్పుకోవాల్సిందేనని అన్నాను. నాన్న దాన్ని సొంత అవమానంగా తీసుకున్నాడు.

"'వేపచెట్టు పక్కింటి ముసలామెకు, తిరుపతి' అని రాసిన కార్డు కూడా చేర్చినా నేను. అంత పెద్ద దేశం, మనిషి పేరు తెలుసు, ఊరు తెలుసు, చేర్చలేరా?"

ఇక్కడ ఆ వేపచెట్టు గురించి ఒక మాట చెప్పాలి. అది మా వీధి మొదట్లో ఉండేది. మా ఇంటికి ఎవరు రావాలన్నా దాని దగ్గర నిలబడి ఫోన్ చేయాల్సిందే. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు, పన్నెండేళ్ళయింది. చెట్టు పోయింది గానీ అడ్రస్ మాత్రం అదే.

సరే, ఫోన్ తీశాను. నా మొహం చూసి తెరుచుకోవాల్సిన ఫోన్ తెరుచుకోలేదు. జుట్టు లేదు, మీసం లేదు, నుదుట నామం. ఎవరో అనుకుని మళ్ళీ మళ్ళీ చూసింది. నంబర్ కొట్టి తెరిచి, ఖాతాలోకి పోతే కోడ్ పంపామన్నారు. ఆ కోడ్ అమెరికా నంబర్‌కు పోయింది. ఆ సిమ్మును విమానం దిగగానే తీసి అమ్మ చేతికిచ్చి, భద్రం అన్నాను. అమ్మ భద్రపరిస్తే ఇక ఆ వస్తువు అమ్మకు కూడా దొరకదు. బీరువా చూశాం, పోపుల డబ్బా చూశాం. చివరికి రాత్రి పన్నెండు దాటాక కుంకుమ భరిణలో దొరికింది. సిమ్ము ఎర్రగా, ముత్తైదువలా ఉంది.

"పన్నెండు దాటింది. పదో రోజు వచ్చేసింది," అన్నాను.

"శుభమా అని మొక్కు తీర్చుకుని వచ్చి, అర్ధరాత్రి ఆ పదో రోజు మాటేందిరా!" అని అమ్మ చెంపలేసుకుంది.

"అక్కడ ఇంకా తొమ్మిదో రోజు మధ్యాహ్నమేలే," అన్నాడు నాన్న. లెక్క కరెక్టే. ఆయన మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

నేను టైప్ చేస్తుంటే నాన్న పక్కన కుర్చీ వేసుకుని డిక్టేషన్ మొదలుపెట్టాడు. "ఎదురుగా ఏముందో రాయి. ఏదన్నా గుడి గానీ, వాటర్ ట్యాంకు గానీ." గుర్తులకు అందులో గడి లేదన్నాను. "గుర్తు లేకుండా ఇల్లెట్లా కనుక్కుంటారు, వాళ్ళ మొహం," అన్నాడు. పాత అడ్రస్, కొత్త అడ్రస్, మారిన తేదీ, అన్నీ నింపి, వెంకన్నకు దండం పెట్టి సబ్మిట్ కొట్టాను. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే వేరే ఫారం వేయాలి కాబట్టి, వెంటనే మా ఆవిడను పిలిచి, "నీది కూడా ఇప్పుడే వేసేద్దాం రా," అన్నాను.

"నేను శనివారమే వేసేశాను, అట్టపెట్టె మీద కూర్చుని," అంది.

"మరి నాకు చెప్పలేదే?"

"చెప్పాను. మీరు 'ఊఁ' అన్నారు." (ఫ్రిస్కోలో నేను 'నువ్వు'. తిరుపతిలో మాత్రం 'మీరు'.)

"పిల్లోడికో?" అంది అమ్మ. వాడికి అక్కర్లేదు, అక్కడే పుట్టాడు, ఆ దేశ పౌరుడు. మా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఎక్కడికైనా మకాం మార్చగల హక్కు వాడొక్కడికే ఉంది. వాడికింకా నడక రాలేదు.

అప్పటికి నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని, నేను పంపిన ఫారం కాపీని అక్షరం అక్షరం చదువుతున్నాడు.

"రేయ్, నువ్వు ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కో పోయినావా, ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్ పోయినావా?"

చూశాను. పాతది ఉండాల్సిన చోట కొత్తది, కొత్తది ఉండాల్సిన చోట పాతది. అంటే ఎవరూ అడగకుండానే, నేను కొత్తిల్లు ఖాళీ చేసి పాతింటికి వెళ్ళిపోయానని ప్రభుత్వానికి రాసిచ్చాను. మా ఆవిడ మాత్రం ఫ్రిస్కోలోనే ఉంది.

"అంటే కాగితాల్లో మీరు నన్ను వదిలేసి వెళ్ళిపోయారన్న మాట," అంది మా ఆవిడ, పిల్లాణ్ణి భుజం మీద మార్చుకుంటూ.

"అమ్మవారు అడ్రస్ చెప్పకుండా కొల్లాపురం పోబట్టే గదా, సామి ఎతుక్కుంటా వచ్చి కొండెక్కింది," అంది అమ్మ. "మా కోడలు చెప్పే పోయింది. వీడే తప్పు చెప్పినాడు."

మళ్ళీ వేశాను. ఈసారి నాన్న వేలుతో ఒక్కో గడీ చూపిస్తే, నేను పైకి చదువుతూ కొట్టాను. ఇప్పుడు వాళ్ళ లెక్కలో నేను అలిగి పాతింటికి పోయి, గంట తిరక్కుండానే బుద్ధి తెచ్చుకుని భార్యాబిడ్డల దగ్గరికి వచ్చేసిన మనిషిని.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "మీ ఆధార్‌లో అడ్రస్ సరిగా ఉందా నాన్నా?" అని అడిగాను, ఊరికే. కార్డు తెచ్చి చూపించాడు. చిత్తూరు జిల్లా అని ఉంది. నలభై ఏళ్ళుగా ఆయన ఆ ఇంట్లోంచి కదల్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాయే కదిలింది. తిరుపతి జిల్లా అని వేరే పెట్టారు. ఓటరు కార్డులో ఇంటి నంబర్ పాతది. గ్యాస్ బుక్కులో వీధి పేరే తప్పు.

"మార్చుకోవాల గదా నాన్నా," అన్నాను.

ఆయన ఏదో అనబోతుంటే ఫోన్ మోగింది. గ్యాస్ బండి కుర్రాడు, కొత్తవాడట, ఇల్లెక్కడని అడుగుతున్నాడు.

"వేపచెట్టు కాడ నిలబడు నాయనా, వస్తాండా," అని నాన్న చెప్పులేసుకున్నాడు.

ఐదు నిమిషాల్లో సిలిండర్ వంటింట్లో ఉంది.