ఐదో కుర్చీ ఎవరి కోసం?

సబ్ చొక్కాకి కాలం చెల్లింది. ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లలో సబ్, అంటే ఒక్కసారి మాత్రమే ఇంకొకరి బదులు దింపే అదనపు ఆటగాడు, 2026 సీజన్ నుంచి లేడు. మ్యాచ్ మధ్యలో లోపలికీ బయటికీ మారుతుండే ఆటగాళ్ల ఇంటర్‌చేంజ్ బెంచీ మీద నలుగురి బదులు ఐదుగురు కూర్చుంటారు. అదే ఊపులో సెంటర్ బౌన్స్ కూడా తీసేశారు. బౌన్స్ పోయిందని టీవీల్లో, రేడియోల్లో ఒకటే శోకాలు. అంపైర్ బంతిని నేలకేసి కొట్టకుండా పైకి విసిరితే ఫుటీ అని ఇక్కడ పిలుచుకునే ఈ ఆట ప్రాణమే పోతుందన్నట్టు పెద్ద పెద్ద వాళ్లు గొంతు చించుకున్నారు. బెంచీ మీద కొత్తగా వేసిన ఐదో కుర్చీ గురించి మాత్రం పట్టుమని పది నిమిషాల చర్చ కూడా మాకు వినపడలేదు. సగం మానిన కాలితో, సగం పనిచేసే భుజంతో కూర్చునే స్టార్ ఆటగాడికే ఆ కుర్చీ దక్కుతుందని మా భయం. అక్కడ కూర్చోబెట్టేది ఎవరు, వద్దనగలిగేది ఎవరు అన్నది ఎక్కడా రాసి లేదు.

2025 సెప్టెంబర్ 27న, కప్పు ఎవరిదో తేల్చే గ్రాండ్ ఫైనల్లో, మెల్‌బోర్న్ ఎంసీజీ మైదానంలో జరిగింది అందరూ చూశారు. మూడు వారాల ముందు పిక్క దెబ్బతిని, ఇక ఆ సీజన్‌కి సెలవే అనుకున్న లాకీ నీల్‌ని బ్రిస్బేన్ జట్టు సబ్‌గా పెట్టుకుంది. హాఫ్‌టైమ్ తర్వాత దింపింది, 47 పాయింట్లతో కప్పు గెలిచింది. అవతల జీలాంగ్ జట్టులో జెరెమీ కామెరాన్, ఆ ఏడాది అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టి కోల్‌మన్ పతకం అందుకున్నవాడు, సొంత జట్టువాడినే గుద్దుకుని చేతికి దెబ్బ తగిలించుకున్నాడు. కట్టు కట్టించుకుని మళ్లీ మైదానంలోకి వచ్చాడు. చివరికి అతణ్ని సబ్ చేయక తప్పలేదు. ఎముక విరిగిందన్న సంగతి ఆనక అందరికీ తెలిసింది. మర్నాడు పొద్దున్నే మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఒకటే ముచ్చట: దమ్మంటే అదీ.

దమ్ము సంగతి తర్వాత. ముందు ఈ జూదం సంగతి మాట్లాడుకుందాం. నీల్ విషయంలో పాచిక పారింది. సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకాలు రెండున్న ఆటగాడు తన ఒంటి గురించి తనకు తెలియదా అంటే, తెలుసు. అతని మీద మాకు ఒక్క ఫిర్యాదూ లేదు. మా గొడవ అతని తర్వాత రాబోయే వాళ్లందరి గురించి. ఒకసారి గెలిచిందంటే ఇక అదే ఆనవాయితీ. ఇక ఫైనల్స్ జరిగే సెప్టెంబర్‌లో ప్రతి కోచ్ దగ్గరా ఒక నీల్ ఉంటాడు, ‘బ్రిస్బేన్ చేసింది కదా’ అన్న ఒక్క ముక్క చాలు.

సిడ్నీ క్లబ్బుని అడగండి. 2022 గ్రాండ్ ఫైనల్‌కి, దాని ముందు మెట్టయిన ప్రిలిమినరీ ఫైనల్లో గాయపడిన శామ్ రీడ్‌ని జట్టులోకి తీసుకున్నారు. మధ్యలోనే సబ్ చేయాల్సి వచ్చింది. 81 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడారు. రెండేళ్లు తిరిగేసరికి 2024లో మళ్లీ అదే క్లబ్బు, అదే మైదానం. చీలమండ బాగాలేని లోగన్ మెక్‌డొనాల్డ్‌ని ఆడించారు, అతణ్నీ మధ్యలోనే బయటికి పిలిచారు. ఈసారి తేడా 60. ఆ రెండు ఓటములకీ ఆ రెండు ఎంపికలే కారణమని ఎవరూ అనరు, జట్టు మొత్తం సరిగ్గా ఆడలేదు. కానీ సిడ్నీని ఇప్పటికీ ఎగతాళి చేస్తున్నవాళ్లే బ్రిస్బేన్‌కి జేజేలు కొడుతున్నారు. గెలిస్తే సాహసం, ఓడితే తెలివితక్కువతనం. లోపల కండరం మాత్రం రెండుచోట్లా ఒకేలా చిరుగుతుంది.

అన్నిటికంటే మనసుని పట్టి పీడించేది నాట్ ఫైఫ్ కథ. లేక్ గ్రేస్ అని పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ పొలాల మధ్య చిన్న ఊరు, అక్కణ్నుంచి వచ్చినవాడు. 2010లో ఫ్రీమాంటిల్ క్లబ్బుకి మొదటి మ్యాచ్ ఆడాడు. 2015లో ఒకటి, 2019లో ఒకటి, రెండు బ్రౌన్‌లోలు. గాల్లోకి లేచి బంతి పట్టడమూ వచ్చు, కింద పదిమంది కాళ్ల మధ్య నుంచి బంతి లాక్కురావడమూ వచ్చు. ఈ రెండూ ఒకే మనిషికి రావడం అరుదు. ఆ 2015లోనే, హాథార్న్‌తో ప్రిలిమినరీ ఫైనల్లో కాలి ఎముక చిట్లి ఉండగా ఆడాడు. ఫ్రీమాంటిల్ ఎలాగూ ఓడింది. విరిగిన కాలితో ఆడాడన్న కీర్తి మాత్రం మిగిలింది, దాన్ని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్ దాటకముందే మళ్లీ కాలు విరిగింది, 2016 సీజన్ అక్కడితో సరి. మొదటి దెబ్బ వల్లే రెండోది అని మేం అనడం లేదు. మేం డాక్టర్లం కాదు. కానీ మొదటిసారి చప్పట్లు కొట్టిన చేతులు రెండోసారి ఎక్కడున్నాయో మాకు కనపడలేదు.

ఆ తర్వాత భుజం, నడుము, పాదం. ఒకటి మానేలోపు ఇంకొకటి. 16 సీజన్లు కలిపి 248 మ్యాచ్‌లు, అంటే ఏడాదికి పదిహేను పదహారు. మామూలుగా ఏడాదికి 22, 23 ఉండే పోటీలో ఇదీ లెక్క. ఫ్రీమాంటిల్ అతన్ని ఎలా వాడుకోవాలో తేల్చుకోలేక చాలా అవస్థలు పడింది. మైదానం మధ్యలో, అంటే మిడ్‌ఫీల్డ్‌లో, పరుగు ఎక్కువని 2023లో గోల్ దగ్గర ఆడే ఫార్వర్డ్‌గా పెట్టింది, పాదం సహకరించలేదు. 2024లో మళ్లీ మిడ్‌ఫీల్డ్‌కి తెచ్చి జాగ్రత్తగా నడిపిస్తే సీజన్‌లో చాలా భాగం ఆడాడు. చూడటానికి హాయిగా ఉండింది. అంటే దారి లేకపోలేదు. కానీ 2025 వచ్చేసరికి ఆ మహా ఆటగాడు సబ్ చొక్కాకి పరిమితమయ్యాడు. జెర్సీ మీద ఆ చొక్కా వేసుకుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, గంటన్నర సేపు కూర్చుని, ఒళ్లు చల్లారిపోయాక లేచి పరుగెత్తమంటే ముప్ఫై మూడేళ్ల కండరాలు ఏమంటాయి? రిటైర్మెంట్ ప్రకటించాక గోల్డ్ కోస్ట్‌తో పెర్త్‌లో ఆడిన, ఓడితే ఇంటికే అన్న ఎలిమినేషన్ ఫైనలే ఆఖరి ఆట అయింది. ఒక్క పాయింట్ తేడాతో పోయింది.

ఇలాంటి ఆటగాణ్ని ఎలా వాడుకోవాలో ఎవరికీ తెలియదంటే మేం ఒప్పుకోం. జీలాంగ్‌కి తెలుసు. 2022లో పిక్కలు ఇబ్బంది పెడుతున్న పాట్రిక్ డేంజర్‌ఫీల్డ్‌ని సీజన్ మధ్యలో కొన్ని వారాలు పక్కన కూర్చోబెట్టి, ఒళ్లు గట్టిపడ్డాకే తెచ్చింది. సెప్టెంబర్‌లో అతని ఆట ఎలా ఉందో చూశాం, కప్పు వచ్చింది. అదే ఏడాది ప్రిలిమినరీ ఫైనల్లో తొడ వెనక కండరం పట్టేసిన మాక్స్ హోమ్స్‌ని, ఆ కుర్రాడు ఎంత కుమిలిపోయినా, గ్రాండ్ ఫైనల్‌కి తీసుకోలేదు. 2025లో 35 ఏళ్ల డేంజర్‌ఫీల్డ్‌ని ఎక్కువగా ఫార్వర్డ్‌లోనే ఉంచి పరుగు తగ్గించింది. హాథార్న్ మీద ప్రిలిమినరీ ఫైనల్లో అతను చెలరేగిపోయాడు. ఇదంతా జులైలో, అంతకంటే ముందే, చల్లని బుర్రతో తీసుకున్న నిర్ణయాల ఫలం. మరి అదే క్లబ్బు సెప్టెంబర్ ఆఖరి శనివారం వచ్చేసరికి చేయి విరిగిన మనిషిని మళ్లీ మైదానంలోకి పోనిచ్చింది. జులైలో ఉన్న వివేకం సెప్టెంబర్‌లో ఏమైంది? లక్షమంది అరుస్తుంటే ఎవరి వివేకమైనా అంతే, అందుకే ఆ నిర్ణయం ఆ బెంచీ దగ్గర ఉన్నవాళ్ల చేతుల్లో ఉండకూడదంటున్నాం.

ఆటగాళ్లు పసిపిల్లలు కారనీ, క్లబ్బు డాక్టర్లు చదువుకున్నవాళ్లేననీ, గ్రాండ్ ఫైనల్ కొందరికి జన్మకొకసారే వస్తుందనీ వాదించేవాళ్లున్నారు. నిజమే. కానీ తలకి దెబ్బ తగిలితే ఇదే ఏఎఫ్ఎల్ ఈ వాదన వినదు. కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదిరిపోవడం, అయితే కనీసం 12 రోజులు ఆడకూడదు. కోచ్ బతిమాలినా, ఆటగాడు ఏడ్చినా అంతే. 2023 ఫైనల్స్‌లో తలకి దెబ్బ తగిలిన ఆంగస్ బ్రేషా ఆ తర్వాత మళ్లీ ఆడనే లేదు, 2024 ఫిబ్రవరిలో రిటైరయ్యాడు. అలాంటివి చూశాక తల విషయంలో బుద్ధి వచ్చింది. కాలికి ఎందుకు రాదు? తల లీగ్‌ది, కాలు క్లబ్బుదా?

క్లబ్బుల మాట మీద వదిలేస్తే ఏమవుతుందో తెలియనిదేం కాదు. 2021లో మెడికల్ సబ్ అని తెచ్చారు. బయటికి వచ్చిన ఆటగాడు 12 రోజుల పాటు ఆడలేడని క్లబ్బు డాక్టర్ చెప్పాలి. తీరా చూస్తే కొందరు మరుసటి వారమే చక్కగా పరుగెత్తుకుంటూ వచ్చారు. కండరం పట్టేసిందన్నారు, తగ్గిపోయిందన్నారు. నిజంగానే తగ్గి ఉండొచ్చు, కాదనం. రెండేళ్లకే ఆ ముసుగు తీసేసి 2023లో ఎవరినైనా ఎందుకైనా సబ్ చేసుకోవచ్చని అన్నారు. ఇప్పుడు ఆ చొక్కా కూడా పోయింది. సబ్ ఉన్నప్పుడు కనీసం వాడెవడో, ఎందుకు కూర్చున్నాడో స్టేడియంలో ఉన్న చిన్నపిల్లాడికి కూడా తెలిసేది. ఇకపై ఐదుగురిలో ఒకడు. క్వార్టర్‌కి ఐదారు నిమిషాలు దింపి, గోల్ పక్క మూలన, ఫార్వర్డ్ పాకెట్‌లో నిలబెట్టి, మళ్లీ పిలిచేస్తారు. జట్టుకి 75 ఇంటర్‌చేంజ్‌లు ఉంటాయి, వాటిలో ఇవి ఎవరు లెక్కపెడతారు? సగం మనిషిని దాచుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఇది పెద్దవాళ్ల ఆట, మనకెందుకు అనుకునే మన పాఠకులకి ఒక మాట. 2025 ఆగస్టులో మెల్‌బోర్న్ శివారు టార్నీట్ దగ్గర ఒక మైదానంలో పిల్లల మ్యాచ్ చూడటానికి మా ఆఫీసులో ఒకరు వెళ్లారు. వాళ్ల అబ్బాయికి పన్నెండేళ్లు. అదే జట్టులో ఇంకో తెలుగు పిల్లాడు, చీలమండకి గోధుమరంగు టేపు నాలుగు చుట్లు చుట్టుకుని, బూటు లేసు సగమే బిగించి కుంటుతున్నాడు. ఏమైంది నాన్నా అంటే, ‘ఏం కాలేదు అంకుల్, ఫైఫ్ విరిగిన కాలుతో ఆడాడు తెలుసా’ అన్నాడట. వాళ్ల నాన్న పక్కనే థర్మాస్‌లో కాఫీ పోసుకుంటూ నవ్వాడు, కాస్త గర్వంగానే. మూడో క్వార్టర్‌లో ఆ పిల్లాణ్ని ఇద్దరు మోసుకొచ్చారు. వాడు తప్పటడుగులు వేస్తున్నప్పుడు జరిగిన సంగతి అది. వాడి దాకా ఎలా వచ్చింది? మనమే చెప్పాం. టీవీ చెప్పింది, కోచ్ చెప్పాడు, మన పత్రిక కూడా ఒకప్పుడు ఫైఫ్ గురించి రాసినప్పుడు ఆ విరిగిన కాలునే ముందు పెట్టి ఉంటుంది, ఒప్పుకుంటున్నాం.

క్రికెట్ ఎరగనివాళ్లం కాదు కదా, బుమ్రా సంగతి గుర్తు చేసుకోండి. 2025 జనవరిలో మన సిడ్నీలోనే, ఆ సిరీస్‌లో 32 వికెట్లు తీశాక, నడుము పట్టేసి చివరి ఇన్నింగ్స్‌లో బౌలింగే చేయలేకపోయాడు. చాంపియన్స్ ట్రోఫీకి దూరమయ్యాడు. ఇంగ్లండ్ టూర్‌కి ముందే ఐదింట్లో మూడు టెస్టులే ఆడతాడని చెప్పారు, మూడే ఆడాడు. మన హైదరాబాద్ సిరాజ్ ఐదూ ఆడి 23 వికెట్లు తీసి ఓవల్లో గెలిపించాడు. అప్పుడు బుమ్రాని దేశభక్తి లేనివాడన్నట్టు తిట్టిన మెసేజీలు ఈ మెల్‌బోర్న్ గ్రూపుల్లోనే చూశాం. లెక్క ముందే చెప్పి, మాట మీద నిలబడితే తిట్లు. విరిగిన చేత్తో దిగితే పూలదండలు. ఇదెక్కడి న్యాయం?

ఏఎఫ్ఎల్‌ని మేం అడిగేది పెద్ద కోరిక కాదు. తలకి ఉన్నట్టే కాలికీ, చేతికీ ఒక నియమం పెట్టండి. గత నాలుగు వారాల్లో గాయపడిన ఆటగాణ్ని ఫైనల్స్‌కి తీసుకోవాలంటే క్లబ్బు జీతం తీసుకోని డాక్టర్ సంతకం ఉండాలి. ఆ సంతకం గురువారం సాయంత్రం జట్టు పేర్లతో పాటే బయటపెట్టాలి. మ్యాచ్ మధ్యలో ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే, స్కాన్ అయ్యేదాకా ఆ మనిషి వెనక్కి రాకూడదు, అది గ్రాండ్ ఫైనలైనా సరే. ఇంత చిన్న పనికి పెద్దగా సమయం పట్టదు. బౌన్స్ తీసేయడానికి తీరిక దొరికింది కదా, దీనికీ దొరుకుతుంది.

క్లబ్బులారా, మీ ప్రెస్‌మీట్లలో ఆటగాళ్ల క్షేమమే మాకు ముఖ్యం అన్న వాక్యం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఫైఫ్‌ని ఏళ్ల తరబడి అలా ముక్కలుముక్కలుగా వాడుకుని, ఆఖర్న భుజాల మీద ఎత్తుకుని ఊరేగించి, వీడియో తీసి నెట్‌లో పెట్టుకున్నంత మాత్రాన అది క్షేమం అయిపోదు. ఆ వాక్యాన్ని ఈసారి సెప్టెంబర్‌లో కూడా గుర్తుపెట్టుకోండి, లేదా దయచేసి జులైలో కూడా అనకండి.