పట్టాలకు పట్టా ఉన్న గూడ్స్ బండి గారికి

మహారాజశ్రీ అమెరికా గూడ్స్ బండి గారి దివ్య సముఖానికి,

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్న ఒక కారు ఓనరు (అంటే రైలెక్కే దారి లేక కారు ఓనరైనవాడు) నమస్కరించి రాయునది ఏమనగా, మేమిక్కడ క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, మొన్న శనివారం గేటు దగ్గర కళ్ళారా చూశాను, బాగా ఒళ్ళు చేశారు.

పెరుగు, కరివేపాకు తెద్దామని ఇండియన్ స్టోరుకు పోతుంటే గేటు పడింది. పక్క సీట్లో మా బాపు. ఆయన కాజీపేటలో గూడ్స్ గార్డుగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాడు. ఇక్కడికొచ్చి మూడు వారాలైంది, అప్పటిదాకా ఈ దేశంలో ఆయనకు నచ్చిన వస్తువంటూ ఒక్కటీ లేదు. మీ హారన్ వినబడగానే సీటు బెల్టు తీసేసి ముందుకు వంగి కూర్చున్నాడు. ముందు రెండు ఇంజన్లు, వాటి వెనక ఒకదాని మీద ఒకటి ఎక్కించిన కంటెయినర్లు. బాపు వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు. యాభై ఎనిమిది దాటగానే ఒకసారి నా వైపు చూశాడు, ఎందుకంటే రామగుండం బొగ్గు వేసుకుని ఆయన నడిపించిన బండి అక్కడికి అయిపోతుంది. నడుమ ఇంకో ఇంజను వచ్చింది. నూరు దాటింది. వెనక కార్లవాళ్ళు ఫోన్లలో పడిపోయారు. నూట నలభై మూడు దగ్గర మీరు అయిపోయారు.

"గిన్ని డబ్బాలు పోయినయ్ గని, మనుషులెక్కే డబ్బ ఒక్కటన్న లేదేందిరా?"

"వాళ్ళ బండి వేరే ఉంటది బాపూ."

"అదెప్పుడొస్తది?"

"ఈ లైను మీద రాదు."

ఆ ప్రశ్న పట్టుకుని వెతుక్కుంటూ పోతే, అందరూ చెప్పే కార్లు, విమానాలు, దూరాలు అన్నీ దాటుకుని చివరికి మీ గుమ్మం ముందు తేలాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా బాధ చెప్పుకుంటాను. మా చెల్లె హ్యూస్టన్‌లో ఉంటుంది. బిడ్డ దగ్గరికి రైల్లోనే పోతానని బాపు పట్టు. రైల్వేల బతికినోణ్ణి, కార్ల పోవుడేందిరా అంటాడు. న్యాయమే కదా. డల్లాస్ నుంచి హ్యూస్టన్ 240 మైళ్ళు, పైగా హ్యూస్టన్ దేశంలో నాలుగో పెద్ద నగరం. ఈ రెండు ఊళ్ళ మధ్య నేరుగా ఒక్క ప్యాసింజరు రైలు లేదు. రైల్లోనే పోవాలంటే ముందు శాన్ ఆంటోనియో దాకా దక్షిణానికి దిగాలి, రాత్రికి అక్కడ చేరాలి, తెల్లారి న్యూ ఓర్లీన్స్ వైపు పోయే ఇంకో బండి పట్టుకోవాలి. ఆ రెండో బండి వారానికి మూడు రోజులే. కారులో నాలుగు గంటల దారి. ఇదంతా బాపుకు చెప్తే నమ్మలేదు, నాకే టైం టేబుల్ చూడటం రాదనుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని నా లాప్‌టాప్‌లో తనే చూశాడు. చూసి, "జమ్మికుంటకు రోజుకెన్ని బండ్లున్నయో తెలుసా నీకు?" అన్నాడు.

ఈ రెండు ఊళ్ళ మధ్య జపాన్ పద్ధతిలో తొంభై నిమిషాల బుల్లెట్ రైలు వస్తుందని పదేళ్ళకు పైగా చెప్తూనే ఉన్నారు లెండి. 2025 ఏప్రిల్‌లో దాని కోసం ఇస్తామన్న 6 కోట్ల 39 లక్షల డాలర్ల గ్రాంటును కూడా కేంద్రం వెనక్కి తీసుకుంది. బుల్లెట్ ఇంకా తుపాకీలోనే ఉంది. తుపాకీ కూడా ఎవరి దగ్గరుందో తెలియడం లేదు. టెక్సాస్‌లో తుపాకీ దొరక్కపోవడం అంటే మీరే అర్థం చేసుకోండి.

ఇక మీ ఇంటి సంగతికొస్తాను. ఏమీ అనుకోవద్దు.

ఈ దేశానికి టైం చూడటం నేర్పిందే మీ వంశం. 1883 నవంబరు 18కి ముందు ఇక్కడ ఊరికో టైం ఉండేది. రైలు కంపెనీలన్నీ కూడబలుక్కుని దేశాన్ని టైం జోన్లుగా కోశాయి, దాన్ని ప్రభుత్వం చట్టం చేసేసరికి 1918 వచ్చింది. అంటే ముప్పై అయిదేళ్ళ పాటు గోడ గడియారం కూడా రైలోళ్ళ మాటే విన్నది. 1920 నాటికి ఏడాదికి వంద కోట్లకు పైగా రైలు ప్రయాణాలు జరిగేవి. అప్పట్లో మీరూ ప్యాసింజరూ ఒక ఇంటి పిల్లలే, ఒకే కంపెనీ ఇద్దరినీ సాకేది. తర్వాత కారొచ్చింది, విమానమొచ్చింది, ప్యాసింజరు చిక్కిపోయాడు. టికెట్ల డబ్బు చాలని చోట ఉత్తరాల సంచులు మోసి ఎలాగో నెట్టుకొచ్చేవాడు, 1967లో తపాలా శాఖ ఆ సంచుల్లో చాలా వరకు లాక్కుని లారీలకూ విమానాలకూ ఇచ్చింది. దాంతో పని అయిపోయింది. నష్టం భరించలేమని మీ కంపెనీలు మొత్తుకున్నాయి, ప్రభుత్వం విన్నది. 1970లో అధ్యక్షుడు నిక్సన్ చట్టం మీద సంతకం పెట్టాడు, 1971 మే 1న ప్యాసింజరు రైళ్ళు నడిపే ప్రభుత్వ సంస్థ ఆమ్‌ట్రాక్ పుట్టింది, ముందు రోజు దాకా నడిచిన బండ్లలో దాదాపు సగం ఆ రోజు నుంచి మాయమయ్యాయి.

ఆ వాటాల పంపకంలో ఎవరు కూర్చుని లెక్క రాశారో గానీ, చేతికి మొక్కాలి. పెట్టెలు ప్యాసింజరుకు ఇచ్చారు, పట్టాలు మీరు ఉంచుకున్నారు. బీరువా తమ్ముడికి, ఇల్లు అన్నకు. మరి బీరువా ఎక్కడ పెట్టుకోవాలి? అన్న ఇంట్లోనే, అన్న చోటిస్తే. ఇవాళ ఆమ్‌ట్రాక్ తిరిగే 21 వేల మైళ్ళకు పైబడిన దారిలో దాని సొంతం 3 శాతం దరిదాపుల్లో ఉంటుంది, మిగతాది చాలావరకు మీ కంపెనీల ఆస్తి. పట్టాలకు పట్టా ఎవరి పేరున ఉంటే బండి వాళ్ళదే. ఇంత చిన్న విషయానికి ఇక్కడ టీవీల్లో గంటలు గంటలు చర్చలు పెట్టి, అమెరికన్ మనస్తత్వం, స్వేచ్ఛాప్రియత్వం అని ఏవేవో చెప్తుంటారు.

చట్టం మాత్రం ప్యాసింజరు పక్షమే. 1973 నుంచి ఉంది, ఒకే లైను మీద ఇద్దరూ ఎదురుపడితే మనుషుల బండికే ముందు దారివ్వాలని. ఇవ్వకపోతే? బండిలో కూర్చున్నవాడు కేసు వేయడానికి లేదు, ఆమ్‌ట్రాక్ వేయడానికీ లేదు, న్యాయశాఖే వేయాలి. ఆ శాఖ 1979లో సదరన్ పసిఫిక్ అనే మీ కంపెనీ మీద ఒకటి వేసింది, మళ్ళీ 2024లో నార్‌ఫోక్ సదరన్ మీద ఇంకొకటి. యాభై ఏళ్ళకు రెండు. మా ఊళ్ళో పక్కింటి చింతకొమ్మ గోడ మీదికి వాలితే ఇంతకన్నా ఎక్కువ కేసులు పడతాయి.

అయినా చట్టం సంగతి మీకెందుకు, మీరు దానికి పై ఎత్తు వేశారు. సన్నబడమంటే ఇంకా పెరిగారు. రెండు మైళ్ళు, మూడు మైళ్ళు పొడుగు. ఒంటి లైను మీద ఎదురుపడితే ఎవరో ఒకరు లూప్ లైన్లోకి తప్పుకోవాలి కదా, ఆ లూపులు పాత కాలపు పొడుగువి, మీరు వాటిలో పట్టరు. తోక బయట ఉండిపోతుంది. ఇక ఏ బండి ఎటు పోవాలో చెప్పే డిస్పాచరు ఏం చేస్తాడు, పట్టేవాణ్ణే లోపలికి పంపిస్తాడు. ఏడెనిమిది పెట్టెల బండి లూపులోకి పోయి, లోపల మూడు వందల మంది కిటికీలోంచి పచ్చిక చూస్తుంటే, మీరు చెప్పులూ టీవీలూ జొన్నలూ మోసుకుని తాపీగా సాగిపోతారు. లారీ సరుకుకున్న తొందర మనిషికి లేదని మీ నమ్మకం కాబోలు.

ఇదంతా బాపుకు చెప్పేటప్పుడు ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ముఖం వెలిగిపోయింది. ఎందుకో మీకు అర్థమవుతుంది, మీ కులపోడే కదా. ముప్పై నాలుగేళ్ళు ఆయన డ్యూటీలో సగం లూప్ లైన్లోనే అయిపోయింది. ఓదెలలోనో కొలనూరులోనో బండి పక్కన పడేస్తే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పోవాలి, దాని వెనక ఇంకోటి పోవాలి, తర్వాత ఎప్పటికో సిగ్నల్. బండి చివర గార్డు కూర్చునే బ్రేక్ వ్యాన్‌లో లైటుండదు, బాత్రూముండదు, చుట్టూ చీకటి, టిఫిన్ డబ్బాలో ఎండిన చపాతి. పండగలన్నీ అట్లాగే పోయాయి మాకు. అలాంటి మనిషి అమెరికాలో ఎక్స్‌ప్రెస్సే పక్కకు జరిగి గూడ్సుకు దారిస్తుందని వింటే ఏమంటాడు? "గూడ్సోళ్ళకు ఈడ ఇజ్జతున్నదిరా" అన్నాడు. ఆ రాత్రి ఫోన్ చేసి కాజీపేటలో ఉన్న తన దోస్తులందరికీ చెప్పాడు కూడా. నేనిక్కడ మీ మీద ఫిర్యాదు రాస్తుంటే మా ఇంట్లోనే మీకొక అభిమాన సంఘం తయారైంది.

నాకు మాత్రం మీ మీద పగేమీ లేదు. మీరు లేకపోతే మీరు మోసేదంతా లారీలెక్కుతుంది, ఆ లారీలన్నీ నా ముందే పోతాయి. నా బాధల్లా, మీ తమ్ముడికి నష్టాలొస్తున్నాయని ఊరంతా వేలు చూపిస్తుంది. డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కు ఐ-45 రోడ్డుంది, పోయినేడాది దానికెంత లాభం వచ్చిందని ఎవరైనా అడిగారా? 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 41 వేల మైళ్ళ హైవేలకు చట్టం తెచ్చి, ఖర్చులో 90 శాతం కేంద్రమే పెట్టుకుంటుందన్నాడు. రోడ్డు డబ్బు పెట్రోలు పన్నులోంచే వస్తుందని అందరూ గుండె మీద చెయ్యేసుకుని చెప్తారు. అందులో కేంద్రం పన్ను గ్యాలన్‌కు 18.4 సెంట్లు, 1993 నుంచి ఒక్క సెంటు పెరగలేదు. చాలక 2008 నుంచి ఖజానా డబ్బు మళ్ళీ మళ్ళీ తెచ్చి పోస్తున్నారు. రోడ్డుకు పోస్తే పెట్టుబడట, రైలుకు పోస్తే దండగట.

మావాళ్ళు కూడా తక్కువేం కాదు. ఇక్కడ ఎవరింట్లో భోజనాలకు పోయినా రైలు మాట ఎత్తితే నవ్వే ఒకాయన ఉంటాడు. "అమెరికాలో రైలెవరెక్కుతారండీ?" ఈ మాటన్న మా మిత్రుడు గతంలో న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఆరేళ్ళున్నాడు. రోజూ పొద్దున రైల్లో న్యూయార్క్ పోయి, సాయంత్రం రైల్లోనే నిద్రపోతూ వచ్చేవాడు, తన స్టేషన్ దాటిపోయి రెండుసార్లు వెనక్కొచ్చిన కథ కూడా తనే చెప్పాడు. టెక్సాస్ వచ్చి మూడు కార్లు కొన్నాక రైలు అమెరికా వాతావరణానికి పడని పంట అయిపోయింది. ఆయన రోజూ తిరిగిన ఆ లైను సంగతేమిటి మరి? బోస్టన్ నుంచి వాషింగ్టన్ దాకా 457 మైళ్ళు, అందులో 363 ఆమ్‌ట్రాక్ సొంతం. అక్కడ మీరు అతిథులు, మీకు దొరికిన టైములో మీరు తిరగాలి. అక్కడ గంట గంటకూ బండి ఉంది, న్యూయార్క్‌కూ వాషింగ్టన్‌కూ మధ్య విమానాలన్నీ కలిపి మోసే మందికన్నా ఆ ఒక్క రైలెక్కేవాళ్ళే ఎక్కువ. అదే మనుషులు, అదే స్వేచ్ఛాప్రియత్వం. పట్టా ఒక్కటే మారింది. వర్జీనియావాళ్ళకు ఇది తెలిసొచ్చినట్టుంది, చర్చలు మానేసి 2019లో మీ కంపెనీ ఒకదానితో బేరం కుదుర్చుకుని వందల మైళ్ళ ట్రాకు కొనేసుకున్నారు.

దేశం మొత్తం మీద 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమ్‌ట్రాక్ ఎక్కింది 3 కోట్ల 28 లక్షల మంది, అప్పటికి అదే రికార్డు, కేకు కోసినంత పని చేశారు. లోకల్ రైళ్ళు కలిపిన లెక్కే అనుకోండి, మన రైల్వే ఆ అంకెను రెండు రోజుల్లో దాటేస్తుంది. ఫీనిక్స్ అంత పెద్ద నగరానికి 1996 నుంచి ప్యాసింజరు రైలు లేదు, ఒహాయో రాజధాని కొలంబస్‌కు 1979 నుంచి లేదు. రైలు లేని ఊళ్ళో రైలెక్కేవాళ్ళు లేరని సర్వే చేసి చూపిస్తే ఎవరు కాదంటారు?

కాబట్టి నా మనవి చిన్నది. మీ నూట నలభై మూడు వెనక నూట నలభై నాలుగోదిగా ఒక్క పెట్టె తగిలించండి. ఏసీ వద్దు, క్యాంటీను వద్దు. మేము కూడా సరుకే అనుకోండి, పైన ఒక స్టిక్కరు అంటించుకుని కదలకుండా కూర్చుంటాం. పెట్టెకు గార్డు కావాలంటే మా బాపు జీతం లేకుండా వస్తాడు, జెండాలు కాజీపేట నుంచి తెప్పిస్తాను.

ఇది ఊరికే అనడం లేదు. శనివారం నాడు జరిగింది మీకు పూర్తిగా చెప్పలేదు. మీరు అయిపోతుంటే బాపు కారు దిగాడు. చివరి వ్యాగన్ కోసం మెడ చాచి చూస్తున్నాడు, అక్కడ బ్రేక్ వ్యాన్ ఉంటుందని, అందులో తనలాంటి వాడొకడు నిలబడి ఉంటాడని. ఆల్ రైట్ చూపించడానికి చెయ్యి పైకెత్తాడు, అలవాటు. చివరి వ్యాగన్ వచ్చింది. వెనక ఇదే చివరి పెట్టె అని చెప్పే ఎల్వీ బోర్డు లేదు, మనిషి లేడు. కప్లింగుకు ఒక చిన్న డబ్బా తగిలించి ఉంది, అందులో ఎర్రలైటు ఆరుతూ వెలుగుతోంది.

"గార్డేడిరా?"

"ఆ డబ్బానే బాపూ. ఎనభైలలోనే తీసేసిన్రట."

గేటు లేచింది. వెనకాయన హారన్ కొట్టాడు. బాపు చెయ్యి ఇంకా దించలేదు.

ఇట్లు,
లూప్ లైన్లో సిగ్నల్ కోసం ఆగి ఉన్న
తమ విధేయుడు