నాలుగు గీతల మనిషి, యాభై కాపీల లెక్క

వేదిక హైదరాబాద్, మాదాపూర్. వాదాంశం: ముఖం కూడా లేని మనిషి బొమ్మను స్క్రీన్ ప్రింట్ (చట్రానికి బిగించిన వల గుండా రంగు దించే అచ్చు) చేసి, 'లిమిటెడ్ ఎడిషన్' అని అమ్మడం సబబేనా? కాదనేది ఎచింగ్ (లోహపు రేకును యాసిడ్‌తో కొరికించి తీసే అచ్చు) నేర్పే మాస్టారు, ఔననేది స్క్రీన్ ప్రింటర్.

మాస్టారు: గుండ్రటి తల, ఒంటికి నాలుగు మందపాటి గీతలు. కింద పెన్సిల్‌తో 12/50, అంటే యాభైలో పన్నెండో కాపీ. ఆ 50 ఎక్కడిదమ్మా? డ్రైపాయింట్‌లో రాగి రేకు మీద సూదితో గీస్తే అంచున గరుకు లేస్తుంది, బర్ అంటాం. ఆ మెత్తటి నలుపంతా దాని చలవే. ప్రెస్ కింద పది ఇరవై ప్రింట్లకే అది అణిగిపోతుంది. అక్కడ హద్దు గీసేది రేకు. నీ స్క్రీన్ వెయ్యి తీసినా అలాగే ఉంటుంది.

ప్రింటర్: ఉంటుంది సార్. రేకుకు స్టీల్ పూత వేయిస్తే మీకూ వందలు వస్తాయి కదా! వేయించకపోవడం మీ నిర్ణయం, 50 దగ్గర ఆపడం మా నిర్ణయం. ఎడిషన్ అవగానే స్క్రీన్ మీద బొమ్మను నిలిపే ఎమల్షన్ పూత కడిగేస్తాం, బొమ్మను దానిమీదికి దించిన ఫిల్మ్ చించేస్తాం.

మాస్టారు: ఫైలు కంప్యూటర్లో ఉండదూ? మేం రేకు మీద అడ్డంగా గీత కొట్టి, ఆ కొట్టేసిన రేకుతో ఒక ప్రింటు తీసి రుజువు చూపిస్తాం.

ప్రింటర్: అది మా వైపు లోటే. అందుకే సర్టిఫికెట్లో సైజు, కాగితం, ఏపీల (ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు, కళాకారుడు తనకు ఉంచుకునే అదనపు కాపీలు) సంఖ్య రాసి తీరాలి. ఏపీలు మామూలుగా పదో వంతు, 50కి 5. అదే బొమ్మను ఇంకో సైజులో దించి కొత్త ఎడిషన్ అనేవాళ్ల తరఫున నేను మాట్లాడను.

మాస్టారు: పనితనానికే వద్దాం. మన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఎచింగుల్లో సన్నటి గీతలు పేరుకుని ఒళ్లు తయారవుతుంది. ఇందులో చెయ్యేది?

ప్రింటర్: గీతలు దట్టంగా ఉన్నచోట చిన్న తప్పు కలిసిపోతుంది సార్. ఇక్కడ దాచడానికి చోటే లేదు. స్క్రీన్ మీద దుమ్ము పడితే చెంప మీద తెల్లచుక్క, ఇక ఆ కాపీ చెత్తబుట్టకే. గీతకూ రంగుకూ మధ్య తెల్ల సందు రాకుండా, రంగును గీత కిందికి అర మిల్లీమీటరు జరిపి వేయాలి. అయినా వానాకాలం తేమకు చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి కాటన్ కాగితం సాగుతుంది. పొద్దున రంగు వేసి సాయంత్రం గీత వేస్తే పక్కకు పోతుంది. ముందురోజు రాత్రే కాగితాలను ఆ గదిలో ర్యాక్ మీద పరిచి ఉంచాలి. మే నెలలో ఇంకో తిప్పలు: నీటి ఇంకు మెష్‌లోనే, అంటే స్క్రీన్ వలలోనే, ఆరిపోయి గీత అంచు రంపం పళ్లలా వస్తుంది. ఇంకు త్వరగా ఆరనివ్వని రిటార్డర్ కలపాలి, ఫ్యాన్ కట్టేయాలి, ప్రతి లాగుడు తర్వాతా స్క్రీన్ మీద ఇంకు పరిచి ఉంచాలి. స్క్రీన్‌కూ కాగితానికీ 3 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. లేదంటే మెష్ అంటుకుని చదును రంగులో మచ్చలు పడతాయి. 50 మంచివి రావాలంటే 65 కాగితాలతో మొదలుపెట్టాలి.

మాస్టారు: ఇదంతా అచ్చు గొడవ, నేనడిగేది బొమ్మ సంగతి. చిత్రకారుడు తోట వైకుంఠం గారి రంగులూ చదునే. బొట్టు, నగలు, చీరకట్టు చూడగానే తెలంగాణ మనిషని తెలుస్తుంది. ఇలాంటి గీతల మనుషులకు పేరుపడ్డ బ్రిటిష్ కళాకారుడు జూలియన్ ఓపీ గీసే మనిషెవరు? రోడ్డు దాటేచోట బోర్డు మీద ఉండేవాడు!

ప్రింటర్: 2000లో బ్రిటిష్ బ్యాండు బ్లర్ ఆల్బమ్ అట్టకు ఆయన వేసిన ముఖాల్లో కళ్లు ఉత్త చుక్కలు. అయినా బ్యాండు నలుగురినీ విడివిడిగా గుర్తుపట్టొచ్చు. నడిచే బొమ్మల్లో ముఖం తీసేసినా భుజం వాలు, అడుగు పొడవు వదల్లేదు.

మాస్టారు: ఆయన వదల్లేదు. ఇక్కడివాళ్లు ఫోన్ ఫొటో మీద ట్రేస్ చేస్తారు. బరువు ఏ కాలి మీదుందో తెలియదు, తుంటి వంగదు, గీత ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే మందం.

ప్రింటర్: అలాంటివి చాలానే ఉన్నాయి, కాదనను.

మాస్టారు: మరి ఇంక్‌జెట్ ప్రింటర్‌లో దించి సెరిగ్రాఫ్, అంటే స్క్రీన్ ప్రింట్, అని అంటగట్టేవో?

ప్రింటర్: భూతద్దం పెట్టండి. సన్నటి రంగు చుక్కలు కలగలిసి కనిపిస్తే ఇంక్‌జెట్. చేత్తో లాగిన చదును రంగు ఒకే పొర, వాలు వెలుతురులో అంచు కాస్త ఎత్తుగా తెలుస్తుంది. ఇంక్‌జెట్ అని రాసి, ఆ ధరకే అమ్మితే నాకు పేచీ లేదు.

మాస్టారు: రాసినా నేను కొనను.