మహారాజశ్రీ ఊరించే శీర్షిక గారికి ఒక పాఠకుడి విన్నపం

మహారాజశ్రీ ఊరించే శీర్షిక గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ‘ఉభయకుశలోపరి’ అని రాయబోయి ఆగాను. తమ క్షేమ సమాచారం తెలియాలన్నా ముందు లింకు నొక్కాలేమోనని సందేహం కలిగింది.

తమ ప్రతిభను కొనియాడకుండా ఫిర్యాదుకు దిగడం అపచారం. ఒక నటుడికి చిత్రీకరణలో కాలు బెణికి, రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటున్నాడనుకుందాం. పాతకాలపు శీర్షిక ఆ సంగతిని ఒక్క వాక్యంలో చెప్పేసి పాఠకుడిని తన పనికి పంపేసేది. తమరు అంత అమాయకులు కారు. మొదట పేరు తీసేసి ‘ఆ స్టార్ హీరో’ అంటారు. తరువాత కాలిని తప్పించి ఆస్పత్రిని తెస్తారు. బెణుకు ఉండవలసిన చోట ‘అభిమానుల్లో తీవ్ర ఆందోళన’ వచ్చి కూర్చుంటుంది. ఆపైన రెండు చుక్కలు పెట్టి ‘అసలేం జరిగిందంటే?’ అని ముగిస్తారు. ఒకటీ కాదు, మూడూ కాదు, సరిగ్గా రెండే చుక్కలు. ఏ వ్యాకరణమూ ఎరుగని ఆ విరామచిహ్నం తమ సొంత సృష్టేనని నా గట్టి నమ్మకం. ఇక లోపలికి వచ్చిన పాఠకుడు, పరిశ్రమలో ఆ నటుడికున్న ప్రత్యేక గుర్తింపు మీద ఒక పేరా, గత చిత్రాల మీద మరో పేరా, ‘ఈ నేపథ్యంలో’ అని మొదలయ్యే ఇంకో పేరా, వాటి మధ్య ఎంత మూసినా మూసుకోని ప్రకటనలు దాటుకుని, చిట్టచివరి వాక్యంలో బెణికిన కాలిని దర్శించుకుంటాడు.

తమకు శాస్త్రం అండ కూడా ఉన్నదాయె. తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ నడుమ వెలితి కనిపిస్తే మనిషి మనసు ఊరుకోదని, కుతూహలం పుట్టేది అక్కడేనని అమెరికా ఆర్థికవేత్త జార్జ్ లోవెన్‌స్టీన్ 1994లో వివరించాడు. ఆయన మనిషిని అర్థం చేసుకోవడానికి రాసినదాన్ని తమరు వ్యాపార ప్రణాళికగా చదువుకున్నారు. 2012లో మొదలైన అప్‌వర్తీ అనే అమెరికా వెబ్‌సైటు ఒక్కో కథనానికి 25 శీర్షికలు రాయించి, వాటిలో కొన్నింటిని వేర్వేరు పాఠకులకు చూపి, ఎక్కువ మంది నొక్కినదానికి పట్టం కట్టేది. ఆ పరీక్షల సమాచారాన్ని విశ్లేషించిన పరిశోధకులు, సగటు నిడివి గల శీర్షికలో ప్రతికూలార్థమిచ్చే మాట ఒకటి అదనంగా చేరితే నొక్కేవారి రేటు 2.3 శాతం పెరుగుతున్నదని 2023లో వెల్లడించారు. తమ నోట ‘దిగ్భ్రాంతి’, ‘ఘోరం’, ‘షాక్’ తప్ప మరో మాట రాకపోవడానికి కారణం తమ సున్నిత హృదయం అనుకునే వాళ్లం, ఆ 2.3 అని ఇప్పుడు తెలిసింది.

తమను అదుపు చేయబోయిన వారూ లేకపోలేదు. పాఠకుడు లింకు నొక్కిన వెంటనే వెనక్కి వచ్చేస్తే అది తమ పనేనని గుర్తించి, అటువంటి కథనాలను వెనక్కి నెడతామని ఫేస్‌బుక్ 2014లో ప్రకటించింది. తమరు చెక్కుచెదరలేదు, జవాబును మరో నాలుగు పేరాల కిందికి జరిపి, పాఠకుడు తొందరగా తిరిగి వెళ్లకుండా కట్టుదిట్టం చేసుకున్నారు.

ఆకట్టుకోవడమే నేరమని నా అభిప్రాయం కాదు. నటుడి పేరు, బెణికిన కాలు, వాయిదా పడిన చిత్రీకరణ, మూడూ చెప్పేసి కూడా, ఆ పోరాట సన్నివేశాన్ని ఆయన డూప్ లేకుండా ఎందుకు చేశాడన్న ప్రశ్నను మిగల్చవచ్చు. అది నిజమైన కుతూహలం. లోపల దానికి సరిపడా సరుకుండాలి. ఉన్న సరుకును దాచడం వేరు, సరుకే లేని గదికి తాళం వేయడం వేరు.

అసలు నా ఫిర్యాదు సినిమా కబుర్ల గురించి కానే కాదు. కొన్ని వార్తాసంస్థల లింకులను పరిశీలించి 2016లో వెలువరించిన ఒక అధ్యయనంలో, ట్విటర్‌లో పంచుకున్న లింకుల్లో 59 శాతాన్ని ఎవరూ నొక్కనే లేదని తేలింది. అంటే తమరు లోపల దాచిన జవాబు లోపలే ఉండిపోతున్నది, తమరు మాత్రం ఊరేగుతున్నారు. ‘ఈ మాత్ర వాడుతున్నారా? అయితే మీరు డేంజర్‌లో పడ్డట్టే!’ అని తమరు వెలిశాక, ఆ మాత్ర ఏదో ఆరో పేరాలో ఉంటుంది. దానిని రోజుకు ఎంత మోతాదు మించితే ప్రమాదమో ఏడో పేరాలో ఉంటుంది. ఆ రెండు పేరాలూ చదవకుండా తమరిని బంధువులందరికీ పంపినవారి ఇంట్లో, వైద్యుడు రాసిన రక్తపోటు మాత్రను ఎందుకైనా మంచిదని మానేసే పెద్దవారు ఉండవచ్చు. ‘ఆ ప్రాంతాలకు భారీ వర్షాల హెచ్చరిక.. మీరున్నారా చూసుకోండి!’ అన్నప్పుడు కూడా అంతే. ప్రాంతం పేరు దాచిన హెచ్చరిక ఎవరిని హెచ్చరిస్తుందో తమకే తెలియాలి.

కావున తమతో మనవి చేసుకునేదేమనగా, తారల పెళ్లిళ్లు, విడాకులు, బెణుకుల విషయంలో తమ చిత్తం వచ్చినట్లు ఊరించుకోండి, మేమూ వేళ్లు అరిగేలా నొక్కుతాము. మందు, వాన, జబ్బు, పరీక్ష తేదీ, ఈ నాలుగింటి జోలికి వచ్చినప్పుడు మాత్రం మందు పేరు, ఊరి పేరు, తేదీ తమ ఒంటి మీదే రాసుకుని బయలుదేరండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయ పాఠకుడు